ఖోయిసాన్ ఒకే భాషా కుటుంబమా? క్లిక్ భాషల వర్గీకరణపై వివరమైన సమాధానం

అడిగిన ప్రశ్న ఇది: "నా ఆంత్రోపాలజీ పుస్తకంలో ఆఫ్రికా భాషలు నాలుగు కుటుంబాలని ఉంది. ఆఫ్రో-ఏషియాటిక్, నైలో-సహారన్, నైజర్-కాంగో, ఖోయిసాన్. ఇంకోచోట చూస్తే ఖోయిసాన్ అనే కుటుంబమే లేదంటున్నారు. దేన్ని నమ్మాలి? పరీక్షలో ఏం రాయాలి? జులూ, ఖోసా భాషల్లోనూ క్లిక్‌లు ఉన్నాయి కదా, అవి కూడా ఖోయిసానేనా? జన్యు పరిశోధనల్లో ఇవన్నీ ఒకటేనని తేలిందని విన్నాను, నిజమేనా?"

భాషాశాస్త్రం పాఠాలు చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మంచి ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మీ పుస్తకంలో ఉన్నది తప్పుడు సమాచారం అనను, పాత సమాచారం అంటాను. నాలుగు కుటుంబాల లెక్క 1963 నాటిది. ఖోయిసాన్ అంటే ఆఫ్రికా దక్షిణాన, టాంజానియాలో ఉన్న క్లిక్ భాషల గుంపు. ఇవాళ ఈ భాషల మీద పనిచేస్తున్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఒక కుటుంబంగా ఒప్పుకోవడం లేదు. ఆఫ్రికా ఖండం దక్షిణ ప్రాంతంలో మూడు వేర్వేరు కుటుంబాలున్నాయి: ఖోయె-క్వాడి, క్ఖా, టూ. తూర్పున టాంజానియాలో రెండు భాషలున్నాయి: సాండవే, హడ్జా. సాండవేకి ఖోయె-క్వాడితో దూరపు చుట్టరికం ఉండొచ్చని కొంత ఆధారం ఉంది. హడ్జాకి ఎవరితోనూ చుట్టరికం తేలలేదు. మొత్తం మీద కనీసం మూడు కుటుంబాలు, రెండు ఏకాకి భాషలు. వీటన్నిటినీ కలిపి పిలవడానికి ఒక పేరు కావాలి కాబట్టి "ఖోయిసాన్" అనే మాట ఇంకా వాడుకలో ఉంది.

ఇంకో చిన్న విషయం. ఈ భాషల పేర్లలోనే క్లిక్ గుర్తులు ఉంటాయి: నిలువు గీత, జంట నిలువు గీతలు, ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతలున్న నిలువు గీత, మధ్యలో చుక్క ఉన్న సున్న. తెలుగు లిపిలో వాటికి చోటు లేదు కనక క్లిక్‌లు వదిలేసి పేర్లు రాస్తున్నాను. వెతికేటప్పుడు ఆ గుర్తులతో కనిపిస్తే కంగారు పడకండి.

అసలు క్లిక్ అంటే ఏమిటో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. "అయ్యో పాపం" అనుకునేటప్పుడు మనం నాలుకతో "చ్చు చ్చు" అంటాం. అది క్లిక్కే. ఎడ్లను అదిలించేటప్పుడు బుగ్గ పక్క నుంచి చేసే చప్పుడూ క్లిక్కే. మనకు అవి మాటల్లో భాగం కావు, అంతే తేడా. ఆ భాషల్లో అవి మన క, త, ప లాగా పూర్తిస్థాయి హల్లులు. ఒక క్లిక్ తీసి ఇంకో క్లిక్ పెడితే మాట అర్థమే మారిపోతుంది.

మీరే ఒకసారి చేసి చూడండి. "క" పలికేటప్పటిలా నాలుక వెనక భాగాన్ని పైన మెత్తటి అంగిలికి ఆనించండి. అదే సమయంలో నాలుక కొసను పైపళ్ల వెనక నొక్కి ఉంచండి. రెండు చోట్లా మూసుకుంది కాబట్టి మధ్యలో కాస్త గాలి చిక్కుకుంటుంది. ఇప్పుడు నాలుక నడిమి భాగాన్ని కిందికి లాగితే ఆ ఖాళీ పెద్దదై లోపలి ఒత్తిడి తగ్గుతుంది. కొసను వదలగానే బయటి గాలి లోపలికి దూసుకొచ్చి చప్పుడవుతుంది. ఇందులో ఊపిరితిత్తుల గాలికి పనేమీ లేదు. అందుకే ముక్కుతో "మ్‌మ్‌మ్" అని ఆపకుండా అంటూనే నోటితో క్లిక్ చేయగలరు. ప్రయత్నించండి, వస్తుంది. అలా చేస్తే అది అనునాసిక క్లిక్. గొంతు నుంచి నాదం కలిపితే ఒక రకం, ఒత్తు కలిపితే ఒక రకం, గొంతు బిగించి వదిలితే మరో రకం. చప్పుడు పుట్టే చోటును బట్టి ప్రధానంగా ఐదు రకాలు: పెదవుల దగ్గర, పళ్ల దగ్గర, చిగుళ్ల వెనక, అంగిలి దగ్గర, నాలుక పక్కల నుంచి. ఈ ఐదింటికీ పైన చెప్పిన హంగులు కలిపితే ఎన్ని హల్లులవుతాయో ఊహించుకోండి.

బోట్స్‌వానా, నమీబియాల్లో మాట్లాడే తా భాషలో, కొందరి లెక్క ప్రకారం, హల్లులు నూరు దాటతాయి. "కొందరి లెక్క ప్రకారం" అని ఊరికే అనలేదు. క్లిక్, దాని వెనకే వచ్చే మరో హల్లు, రెంటినీ కలిపి ఒకే శబ్దంగా లెక్కేస్తే సంఖ్య బాగా పెరుగుతుంది. రెండు హల్లుల కలయికగా తీసుకుంటే బాగా తగ్గుతుంది. మన "క్ష" ఒక హల్లా, క, ష ల కలయికా అన్న ప్రశ్న లాంటిదే ఇది. అందుకని "ప్రపంచంలో అత్యధిక హల్లులున్న భాష" అని ఎక్కడైనా ఒక అంకె కనిపిస్తే, లెక్క ఏ పద్ధతిలో కట్టారో కూడా చూడండి.

ఇక చరిత్ర. 1870లలో కేప్‌టౌన్‌లో విల్‌హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ పండితుడు, ఆయన మరదలు లూసీ లాయిడ్ కలిసి ఖామ్ అనే భాషను రాసిపెట్టారు. చెప్పినవాళ్లు చాలావరకు ఖైదీలు. బ్రేక్‌వాటర్ జైలు నుంచి వాళ్లను బ్లీక్ ఇంటికి తెచ్చి ఉంచారు. కాబ్బో అనే పెద్దాయన చెప్పిన కథలూ అందులో ఉన్నాయి. మొత్తం నోటుపుస్తకాలు సుమారు 12,000 పేజీలు. ఇవాళ ఆ భాష మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. దక్షిణాఫ్రికా 2000లో తన జాతీయ చిహ్నం మీద పెట్టుకున్న నినాదం మాత్రం ఖామ్ భాషలోనే ఉంది. ఈ భాషల గురించి మనకు తెలిసిన దాంట్లో ఎంత భాగం ఇలాంటి కొద్దిమంది ఓపిక మీద ఆధారపడి ఉందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

బ్లీక్ కూతురు డొరొతియా బ్లీక్ 1920లలో ఈ భాషలను ఉత్తర, మధ్య, దక్షిణ అని మూడు గుంపులు చేసింది. ఆ విభజన ఇప్పటికీ చాలావరకు నిలిచింది. ఉత్తర గుంపు ఇవాళ క్ఖా కుటుంబంలోని జు భాషలు, మధ్య గుంపు ఖోయె, దక్షిణ గుంపు టూ. వివాదం ఈ గుంపుల మీద కాదు, వీటన్నిటికీ తల్లి ఒకటేనా అన్నదాని మీద.

అప్పట్లో పెద్ద పేరున్న జర్మన్ భాషావేత్త కార్ల్ మైన్‌హోఫ్ ఇంకో దారి పట్టాడు. మధ్య గుంపులోని నామా భాషలో పుంలింగం, స్త్రీలింగం ఉన్నాయి, అది మాట్లాడేవాళ్లకు పశువులున్నాయి, కాబట్టి అది ఉత్తర ఆఫ్రికా వైపు "హామిటిక్" భాషలకు చెందిందని 1912లో వాదించాడు. లింగభేదం గొప్ప నాగరికతకు గుర్తు అనే జాత్యహంకారపు ఆలోచన దాని వెనక ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క లక్షణాన్ని పట్టుకుని చుట్టరికం కలపడం ఈ భాషల విషయంలో తరచూ జరిగే పొరపాటు.

"ఖోయిసాన్" అనే మాట 1928లో లియోన్‌హార్డ్ షుల్ట్‌సె పుట్టించాడు. ఆయన ఉద్దేశంలో అది భాషల పేరు కాదు, మనుషుల శరీర లక్షణాలను బట్టి పెట్టిన పేరు. 1930లో ఐజాక్ షపేరా తన పుస్తకంతో దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత అమెరికన్ భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. 1950లో ఈ భాషలన్నిటినీ, హడ్జా, సాండవేలతో సహా, "క్లిక్" కుటుంబం అన్నాడు. 1963 నాటి పుస్తకంలో పేరు ఖోయిసాన్‌గా మార్చాడు. మీ పుస్తకంలోని నాలుగు కుటుంబాలు అక్కడివే.

గ్రీన్‌బర్గ్‌కు అన్యాయం చేయకూడదు. హామిటిక్ అనే ఆ చెత్త సిద్ధాంతాన్ని కూలదోసింది ఆయనే. కేవలం క్లిక్‌లున్నాయని ఆయన ఈ భాషలను కలపలేదు, మాటలూ ప్రత్యయాలూ పోల్చి చూశాడు. కాకపోతే ఆయన పద్ధతి, చాలా భాషల మాటలను పక్కపక్కన పెట్టి పోలికలు ఏరడం. పోలిక ఎందుకు వచ్చిందో ఆ పద్ధతి తేల్చదు. ఒకే తల్లి నుంచి రావచ్చు, అప్పు తెచ్చుకుని ఉండొచ్చు, కాకతాళీయమూ కావచ్చు. పైగా అప్పట్లో ఆయన చేతిలో ఉన్న సమాచారంలో చాలా భాగం యాత్రికులు, మిషనరీలు రాసిన జాబితాలు. ఒక క్లిక్‌కు ఇంకో క్లిక్ రాసినవి, స్వరస్థాయి (అర్థాన్ని మార్చే గొంతు హెచ్చుతగ్గులు) అసలు గుర్తించనివి. ఆ కాలంలోనే కేప్‌టౌన్‌లో పనిచేసిన ఎర్నెస్ట్ వెస్ట్‌ఫాల్, స్వయంగా ఊళ్లు తిరిగి భాషలు విన్న మనిషి, ఇవన్నీ ఒక కుటుంబం కాదని గట్టిగా చెప్పాడు. అప్పుడు ఆయన మాట పెద్దగా చెల్లలేదు. తర్వాత చెల్లింది.

మరి చుట్టరికం రుజువు కావాలంటే ఏం కావాలి? మనకు బాగా తెలిసిన ఉదాహరణ చూద్దాం. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులికి హులి. పువ్వుకు హూవు. పల్లెకు హళ్ళి. ఇక్కడ మాటలు ఒకేలా ఉండటం కాదు ముఖ్యం. మన "ప" ఉన్నచోట, మాట మొదట్లో, కన్నడంలో "హ" క్రమం తప్పకుండా వస్తోంది. ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోతే కారణం చెప్పగలగాలి. ఈ క్రమాన్ని పట్టుకునే పాత రూపం "ప" అని పునర్నిర్మిస్తాం. పాత కన్నడ శాసనాల్లో "ప" నిజంగానే కనిపిస్తుంది కూడా. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద జీవితాంతం చేసిన పని ఇలాంటి క్రమాలను వెలికితీయడమే. చూడటానికి పోలికే లేని మాటలు కూడా ఇలా చుట్టాలని తేలుతాయి, చూడటానికి అచ్చం ఒకేలా ఉన్నవి చుట్టాలు కావని తేలుతాయి.

ఈ పరీక్షకు క్లిక్‌లు కూడా లొంగుతాయా? లొంగుతాయి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే. జు భాషల్లో నీటికి ఒక మాట ఉంది. మొదట ఒక నాద క్లిక్, తర్వాత "ఊ". నమీబియా ఈశాన్యంలో త్సుమ్‌క్వే వైపు వాళ్లు దాన్ని చిగుళ్ల వెనక క్లిక్‌తో పలుకుతారు. ఉత్తరాన అంగోలా సరిహద్దు వైపు వాళ్లు పక్కల నుంచి వచ్చే క్లిక్‌తో పలుకుతారు. గ్రూట్‌ఫోంటైన్ వైపు వాళ్లు నాలుకను ఇంకాస్త వెనక్కి మడిచి పలికే మరో క్లిక్ వాడతారు. నీటి మాట ఒక్కటే ఇలా ఉంటే యాదృచ్ఛికం అనొచ్చు. కానీ ఇదే వరస వేరే మాటల్లోనూ క్రమంగా వస్తుంది. మరికొన్ని మాటల్లో మాత్రం ఆ మూడు చోట్లా ఒకటే క్లిక్ ఉంటుంది. అంటే పూర్వపు జు భాషలో మామూలు నాలుగు (పెదవుల క్లిక్ ఈ భాషల్లో లేదు) కాక, నాలుక మడిచి పలికే మూర్ధన్యమైన ఐదో క్లిక్ ఒకటి ఉండేదని, అది ఒక్కోచోట ఒక్కో క్లిక్‌లో కలిసిపోయిందని తేలుతుంది. పాలు, హాలులకు ఏ తర్కమో ఇక్కడా అదే తర్కం.

ఇదే పద్ధతిలో బెర్న్‌డ్ హైనె, హెన్రీ హోన్‌కెన్ 2010లో ఒక మంచి పని చేశారు. బోట్స్‌వానాలో అమ్కోయె అనే చిన్న భాష ఉంది. ఇప్పుడు కొద్దిమంది పెద్దవాళ్లే మాట్లాడుతున్నారు. దీన్ని ఎక్కడ పెట్టాలో చాలాకాలం తేలలేదు. టూ భాషల్లో ఉండే పెదవుల క్లిక్ ఇందులోనూ ఉంది కాబట్టి పైకి టూ భాషలా కనిపిస్తుంది. క్రమబద్ధమైన శబ్ద సంబంధాలు చూస్తే జు భాషలకు అక్కచెల్లెలని తేలింది. ఆ రెంటినీ కలిపిన కుటుంబమే క్ఖా. చూశారా, ఒక క్లిక్ ఉండటాన్ని బట్టి నిర్ణయించి ఉంటే ఇక్కడ పొరపాటు పడేవాళ్లం.

ఖోయె-క్వాడి కుటుంబం మిగతా రెంటికంటే చాలా తేడాగా ఉంటుంది. ఇందులో పెద్దది ఖోయెఖోయె భాష, నామా, దామరా ప్రజలు మాట్లాడేది. నమీబియాలో సుమారు 2,00,000 మంది మాట్లాడతారు. బళ్లలో చెబుతారు, రేడియోలో వస్తుంది, 2002లో హాకె, ఐసెబ్ కలిసి చేసిన పెద్ద నిఘంటువు ఉంది. నామవాచకం చివర లింగం, వచనం తెలిపే ప్రత్యయం వస్తుంది. "ఖోయెబ్" అంటే మగమనిషి, "ఖోయెస్" అంటే ఆడమనిషి. క్రియ వాక్యం చివర రాగలదు, విభక్తి లాంటి మాటలు నామం తర్వాత వస్తాయి. తెలుగువాళ్లకు ఈ వాక్య నిర్మాణం చదువుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. అంతమాత్రాన వాళ్లు మనకు చుట్టాలు కారు. జు, టూ భాషల్లో మాత్రం క్రియ మధ్యలో వస్తుంది, ఆడ-మగ లింగభేదం నామాల మీద ఇలా కనిపించదు. ఖోయె భాషల శబ్దాలు, రూపాలు పోల్చి రైనర్ ఫోసెన్ 1997లో చేసిన పునర్నిర్మాణం గట్టి పునాది. అంగోలా నైరుతిలో ఉండే క్వాడి భాష అప్పటికే దాదాపు అంతరించింది. 1950, 60లలో సేకరించిన కొద్దిపాటి మాటలు, రికార్డులే దానికి ఆధారం. ఆ కొద్దిపాటి దాన్ని పట్టుకునే టామ్ గుల్డెమాన్ అనే భాషావేత్త అది ఖోయెకు బంధువని చూపించాడు.

ఖోయె వర్గంలోనే తూర్పు వైపున్న షువా, త్స్వా భాషల్లో క్లిక్‌లు రాలిపోతున్నాయి. నామా లాంటి భాషల్లో క్లిక్ ఉన్న చాలా మాటలు అక్కడ మామూలు "క", "చ" లాంటి హల్లులతో వస్తాయి. అవి ఖోయె కుటుంబంలో ఉన్నాయనడానికి క్లిక్‌లు పోవడం అడ్డు రాలేదు. ఆ మార్పు కూడా క్రమంగానే జరిగింది, అదే సాక్ష్యం.

టూ కుటుంబంలో ఇప్పుడు బలంగా మిగిలింది తా ఒక్కటే. కొన్ని వేలమంది మాట్లాడతారు. ఖామ్ ఈ కుటుంబానిదే. దానికి దగ్గర బంధువైన నూ భాష ఎప్పుడో అంతరించిందని అందరూ అనుకున్నారు. 1990లలో ఎల్సీ వాల్‌బోయ్ అనే వృద్ధురాలు ఆ భాష మాట్లాడుతుందని బయటపడింది. తర్వాత మరికొందరు దొరికారు. 1999లో ఆ భాషవాళ్లైన కోమానీ ప్రజలకు కలహారీ ఎడారిలో భూమి తిరిగి దక్కిన పోరాటంలో ఈ విషయమూ కలిసివచ్చింది. 1933లో పుట్టిన కాత్రీనా ఎసావ్ దక్షిణాఫ్రికాలోని అపింగ్టన్‌లో తన ఇంటి దగ్గరే పిల్లలకు ఆ భాష నేర్పుతూ వచ్చారు. వర్గీకరణ అంటే అల్మారాలో సీసాలకు చీటీలు అంటించడమని అనుకునేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. "ఈ భాష చచ్చిపోయింది" అని ఒక పండితుడు రాసిన మాట ప్రజల హక్కుల మీద కూడా పడుతుంది.

మరి ఇన్ని కుటుంబాలకూ క్లిక్‌లు ఎలా వచ్చాయి? ఇక్కడ మీ జులూ, ఖోసా ప్రశ్నకు జవాబు వస్తుంది. జులూ, ఖోసా బంతూ భాషలు. అంటే నైజర్-కాంగో కుటుంబం. స్వాహిలీకి దగ్గర చుట్టాలు, ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. వాటి పూర్వ భాషలో క్లిక్‌లు లేవు. దక్షిణాదికి వలస వచ్చాక అక్కడి ఖోయె, టూ భాషలవాళ్లతో కలిసి బతికి, పెళ్లిళ్లు చేసుకుని తెచ్చుకున్నారు. ఇప్పుడు వాటి రాతలో సి అక్షరం పళ్ల క్లిక్‌కి, క్యూ చిగుళ్ల క్లిక్‌కి, ఎక్స్ పక్క క్లిక్‌కి వాడతారు. "ఖోసా" అనే పేరు మొదట ఉన్నదే ఆ పక్క క్లిక్. ఇంకో కారణమూ చెబుతారు. అక్కడ కోడలు మామగారి పేరునూ, ఆ పేరులోని అక్షరాలు వచ్చే మాటలనూ పలకకూడదనే ఆచారం ఉంది, హ్లోనిఫా అంటారు. మన పల్లెల్లో ఆడవాళ్లు భర్త పేరు నోట పలకకుండా "మా ఆయన", "పిల్లాడి నాన్న" అని తప్పించుకునేవాళ్లే, దాన్ని ఇంకా కఠినంగా పాటించినట్టు. పలకకూడని అక్షరం బదులు ఒక క్లిక్ పెట్టి మాటను మార్చుకోవడం వల్ల క్లిక్‌లు భాషలో ఇంకా స్థిరపడ్డాయని పరిశోధకుల అభిప్రాయం.

ఉత్తర బోట్స్‌వానా, నమీబియాల వైపు యేయి లాంటి ఇంకొన్ని బంతూ భాషల్లోనూ ఇలాగే క్లిక్‌లున్నాయి. కెన్యా తీరంలో దహాలో అనే కుషిటిక్ (ఆఫ్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ఒక శాఖ) భాషలోనూ కొన్ని మాటల్లో ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రం ఆస్ట్రేలియాలో, మార్నింగ్టన్ దీవిలో. అక్కడి లార్డిల్ ప్రజలు దీక్ష తీసుకున్న మగవాళ్లు మాత్రమే వాడే దామిన్ అనే సంప్రదాయ భాషలో క్లిక్‌లు వాడేవాళ్లు. ఆఫ్రికాతో ఏ సంబంధమూ లేదు. కాబట్టి క్లిక్‌లు అప్పుగా వెళ్తాయి, రాలిపోతాయి, అరుదుగా కొత్తగానూ పుడతాయి. అలాంటి దాన్ని రక్తసంబంధానికి గుర్తుగా తీసుకోలేం.

మన దేశంలోనే దీనికి సాక్ష్యం ఉంది. ట, డ, ణ లాంటి మూర్ధన్యాలు తెలుగులోనూ ఉన్నాయి, హిందీ, మరాఠీలలోనూ ఉన్నాయి. అంతమాత్రాన తెలుగూ హిందీ ఒకే కుటుంబం కాదు. వేల ఏళ్లు పక్కపక్కన ఉండి ఒకరి శబ్దాలు ఒకరికి అంటుకుంటాయి. భాషావేత్త ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక "భాషా ప్రాంతం" అన్నది ఇందుకే. కలహారీ చుట్టుపక్కల కూడా అలాంటి భాషా ప్రాంతమే అని గుల్డెమాన్, ఇంకా చాలామంది అంటున్నారు. అక్కడ క్ఖా, టూ, ఖోయె భాషలవాళ్లు తరతరాలుగా కలిసి ఉన్నారు. నరో అనే ఖోయె భాష మీద జు భాషల ప్రభావం ఉంది, గుయి అనే ఇంకో ఖోయె భాష మీద తా ప్రభావం ఉంది. దక్షిణాది భాషల్లో క్లిక్ దాదాపు ఎప్పుడూ ధాతువు మొదట్లోనే రావడం, మధ్యలో బ, మ, న, ర లాంటి కొద్ది హల్లులే రావడం కూడా ఈ కలిసి బతకడంలో భాగమే కావచ్చు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మాట నిర్మాణమే ఇంత పొట్టిగా, ఇంత కట్టుబాటుతో ఉంటే, సంబంధం లేని భాషల మధ్య కూడా కాకతాళీయంగా పోలికలు ఎక్కువ కనిపిస్తాయి. పోలికలు ఏరే పద్ధతి ఇక్కడ దెబ్బతినడానికి ఇదీ ఒక కారణం.

ఇక తూర్పు ఆఫ్రికా. హడ్జా ప్రజలు టాంజానియా ఉత్తరాన ఎయాసీ సరస్సు చుట్టూ ఉంటారు. భాష మాట్లాడేవాళ్లు సుమారు వెయ్యిమంది. సాండవే వాళ్లు డొడోమా ప్రాంతంలో కొండోవా వైపు ఉంటారు, వాళ్లు పదుల వేలమంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం పెద్ద ఎక్కువ కాదు, భాషలు మాత్రం ఎక్కడా కలవవు. రెంటిలోనూ మూడు రకాల క్లిక్‌లే ఉన్నాయి. అవి మాట మధ్యలోనూ హాయిగా వస్తాయి, దక్షిణాది భాషల్లో ఇది అరుదు. బానీ శాండ్స్ 1998లో ఈ దూరపు చుట్టరికాల వాదనలన్నిటినీ వరసగా పరీక్షకు పెట్టి, ఖోయిసాన్ అంతా ఒకటే అనడానికి ఆధారం చాలదని చూపించింది. నేను నా విద్యార్థులకు మొదట చెప్పే పని అదే. ఏ పోలిక యాదృచ్ఛికంగా వచ్చే స్థాయిని దాటిందో, ఏది దాటలేదో ఓపికగా తూచిన పని.

సాండవే విషయంలో మాత్రం తలుపు తెరిచే ఉంది. గుల్డెమాన్, ఎడ్వర్డ్ ఎల్డర్‌కిన్ 2010లో సర్వనామాలను పోల్చారు. "నేను" అనడానికి సాండవేలో "త్సి", క్వాడిలో "చి", పూర్వ ఖోయెకు "తి" అని పునర్నిర్మాణం. సర్వనామాలు అంత సులువుగా అప్పు పుచ్చుకునేవి కావు, మరికొన్ని మాటలూ తోడయ్యాయి. నా మటుకు నాకు ఇది ఆశ కలిగించే వాదన, ఇంకా రుజువు మాత్రం కాదు. పాలు, హాలు లాంటి వరసలు ఇంకా కావాలి. అందరూ వదిలేశారని కూడా అనుకోవద్దు. క్రిస్టఫర్ ఎరెట్ లాంటివాళ్లు పెద్ద ఖోయిసాన్ కుటుంబాన్ని సమర్థిస్తూ పునర్నిర్మాణాలు ఇచ్చారు. వాటిని ఎక్కువమంది అంగీకరించలేదు.

జన్యువుల సంగతి. 2003లో ఒక అధ్యయనం హడ్జా ప్రజలకూ, దక్షిణాది జు ప్రజలకూ మధ్య జన్యుపరంగా చాలా పాత కాలంలోనే ఎడం వచ్చిందని చూపించింది. అంటే మీరు విన్నదానికి వ్యతిరేకం. ఇద్దరికీ క్లిక్‌లున్నాయి కాబట్టి మానవజాతి మొదటి భాషలో క్లిక్‌లు ఉండేవని పత్రికలు దాన్ని పట్టుకుని రాసేశాయి. ఆ ముగింపు నిలబడదు. క్లిక్‌లు ఎంత సులువుగా చేతులు మారతాయో పైన చూశాం. పైగా భాషల మధ్య శబ్ద సంబంధాలు 8,000, 10,000 ఏళ్లు దాటాక పట్టు దొరకనంతగా చెరిగిపోతాయి, ఇక్కడ మాట్లాడుతున్నది అంతకు ఎన్నో రెట్ల కాలం. జన్యువు వేరు, భాష వేరు. దామరా ప్రజలు మాట్లాడేది ఖోయెఖోయె, జన్యుపరంగా మాత్రం బంతూ మాట్లాడే హింబా, హెరెరోలకు దగ్గర.

జన్యు పరిశోధన ఉపయోగపడిన చోటూ ఉంది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తినిచ్చే తూర్పు ఆఫ్రికా జన్యు మార్పు ఒకటి నామా లాంటి పశుపాలకుల్లో కనిపించింది. సుమారు 2,000 ఏళ్ల క్రితం గొర్రెలు, పశువులతో పాటు కొందరు మనుషులు తూర్పు నుంచి దక్షిణానికి వచ్చారన్న వాదనకు ఇది బలం. ఖోయె-క్వాడి భాషలు వాళ్లతోనే వచ్చాయని, క్ఖా, టూ అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నాయని గుల్డెమాన్ ప్రతిపాదన. సాండవే, ఖోయె పోలిక నిజమైతే ఈ కథకు సరిగ్గా అతుకుతుంది.

చివరిగా పరీక్ష. ఆబ్జెక్టివ్ ప్రశ్నలో "గ్రీన్‌బర్గ్ ప్రకారం" అని ఉంటే నాలుగు కుటుంబాల జవాబే పెట్టండి, టెన్షన్ పడకండి. వ్యాసంలో అయితే ముందు 1963 వర్గీకరణ రాసి, తర్వాత దక్షిణాన ఖోయె-క్వాడి, క్ఖా, టూ, తూర్పున సాండవే, హడ్జా అని విడదీసి, ఖోయిసాన్ అనేది ఇప్పుడు వంశపు పేరు కాదు, బంతూ, కుషిటిక్ కాని క్లిక్ భాషలకు కలిపి వాడే పేరని రాయండి. ఒక్క ఉదాహరణ ఇవ్వగలిగితే అమ్కోయె ఉదాహరణ ఇవ్వండి, దిద్దేవాళ్లకు మీరు విషయం అర్థం చేసుకుని రాశారని తెలుస్తుంది. పాత పుస్తకాల్లో కనిపించే "బుష్‌మెన్", "హాటెంటాట్" అనే మాటలు మీ సొంత వాక్యంలో వాడకండి. రెండోది అక్కడ తిట్టుగా వాడిన మాట. సాన్, ఖోయెఖోయె అని రాయండి, వీలైతే జు, తా, నామా అని ఆ ప్రజల పేరే రాయండి.